మా పాప బడి, దాని వాన రిజిస్టర్: ఐదేళ్ల తర్వాత

ఈ బడి గురించి చెప్పమంటే నేను ముందు వాన కొలిచే సీసా గురించే చెప్తాను. ఫీజు ఎంత, యూనిఫాం ఏ రంగు, ఆటస్థలం ఉందా లేదా అన్నవి గేటు దగ్గర ఎవరిని అడిగినా చెప్తారు. హైదరాబాద్‌లో మల్కాజిగిరి వైపు ఉన్న చిన్న ప్రైమరీ స్కూలు అది. ఒకటి నుంచి ఐదు దాకా మా పాప అక్కడే చదివింది. అన్ని తరగతులూ కలిపి అరవైమంది లోపే పిల్లలు. మూడు, నాలుగు తరగతులకు ఒకే గది, ఒకే టీచర్. గట్టి వాన పడితే సందంతా మోకాలి లోతు నీళ్లు నిలిచేవి. ఎత్తు అరుగు మీద ఉన్న బడి ఒక్కటే దీవిలా మిగిలేది. బహుశా అది చూసే ఆ టీచర్‌కు ఈ ఆలోచన వచ్చి ఉంటుంది.

పాప మూడో తరగతిలో ఉండగా, జూన్‌లో మొదలుపెట్టారు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా పైభాగం కోసి, ఆ ముక్కనే తలకిందులుగా గరాటులా పెట్టారు. అడుగున గులకరాళ్లు, వాటి మీద సున్నా గీత దాకా నీళ్లు, పక్కన అంటించిన కాగితం స్కేలు. మేడ మీద కొమ్మలూ గోడలూ అడ్డురాని చోట రెండు ఇటుకల మధ్య నిలబెట్టారు. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకు ఇద్దరు పిల్లలు వెళ్లి చూసి రాయాలి. ఎనిమిదిన్నరే ఎందుకంటే వాతావరణ శాఖ కూడా ఆ వేళకే ఒక రోజు వాన లెక్క ముగిస్తుంది. ఆ సంగతి నాకు మా పాప చెప్పింది. ఆదివారం సెలవు కాబట్టి సోమవారం రెండు రోజుల వాన కలిపి రాసి, రెండు తేదీలకూ కలిపి బ్రాకెట్ గీసేవాళ్లు.

ఆ రిజిస్టర్ నా కళ్లముందే ఉంది. అట్ట వేసిన లాంగ్ నోట్‌బుక్. నాలుగు గడులు: తేదీ, ఎంత, ఎవరు చూశారు, అనుమానం. ఆ నాలుగో గడి కోసమే నేను ఈ బడికి రుణపడి ఉన్నాను.

జులైలో కోతులు మొదటి సీసాను కింద పడేసి పగలగొట్టాయి. ఎవరో ఇంకో కంపెనీ సీసా తెచ్చారు. పాత స్కేలు కాగితమే దానికీ అంటించారు. నెల రోజులు ఏ ఇబ్బందీ లేదు. ఆగస్టులో ఒక రాత్రి దంచి కొట్టింది. పొద్దున్న సీసాలో చూస్తే 80 మిల్లీమీటర్లు. టీచర్ ఫోన్‌లో దగ్గర్లోని ఆటోమేటిక్ వాతావరణ స్టేషన్ లెక్క తీసి బోర్డు మీద రాశారు. మా సీసా లెక్క తొమ్మిది మిల్లీమీటర్లు ఎక్కువ. అనుమానం గడిలో ఆ రోజు పిల్లలు రాసింది ఇది: "మన సందులో వాన ఎక్కువ పడిందేమో." సబబైన అనుమానమే. ఉప్పల్‌లో దంచుతుంటే బేగంపేటలో ఎండ కాయడం మనకు తెలిసిందే కదా. రెండోసారి గట్టి వాన పడ్డప్పుడూ ఎక్కువే వచ్చింది. చినుకుల రోజుల్లో మాత్రం రెండు లెక్కలూ దగ్గరగానే ఉండేవి. టీచర్ పది రోజుల పాటు జవాబు చెప్పలేదు. నాకైతే టెన్షన్‌గా ఉండేది, చెప్పేస్తే సరిపోతుంది కదా అని.

ఆ శనివారం పాప వంటింట్లోంచి టీ గ్లాసు పట్టుకుపోయింది. అదే రకం సీసా ఒకటి సంపాదించి, సింకు పక్కన కూర్చుని గ్లాసు గ్లాసుగా నీళ్లు పోస్తూ, పోసినప్పుడల్లా స్కెచ్ పెన్‌తో గీత పెట్టింది. మొదటి నాలుగు గ్లాసులకూ గీతల మధ్య దూరం పన్నెండు మిల్లీమీటర్లే వచ్చింది. ఐదో గ్లాసుకు గీత ఒక్కసారిగా పైకి వెళ్లింది. స్కేలు పెట్టి చూస్తే పదిహేడు. మళ్లీ పోసి చూసింది. అదే పదిహేడు. అప్పుడు సీసాను చేత్తో పట్టుకుని, వేళ్లు సరిగ్గా కుదిరిన చోటు వైపు చూసి, "అమ్మా, దీనికి నడుముంది" అంది.

పట్టుకోవడానికి వీలుగా మధ్యలో సన్నగా చేసిన సీసా అది. సన్నగా ఉన్న చోట అవే నీళ్లు ఎక్కువ ఎత్తు లేస్తాయి. చిన్న వాన నడుము దాకా రాదు కాబట్టి తప్పు బయటపడలేదు. సోమవారం క్లాసంతా కలిసి కొత్త స్కేలు కాగితం తయారు చేశారు. నడుము దగ్గర గీతలు దూరం దూరంగా, కింద దగ్గర దగ్గరగా. పాత అంకెలు టీచర్ కొట్టేయనివ్వలేదు. వాటి పక్కన అనుమానం గడిలో "సీసా నడుము" అని రాయించారు. ఆ పేజీని నేను ఫోటో తీసి పెట్టుకున్నాను.

ఆ తర్వాత లెక్కలన్నీ ఆ సీసాలోంచే వచ్చాయి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 100 చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్లు పడితే 5,000 లీటర్లు, అంటే మన అపార్ట్‌మెంట్లకు మార్చిలో డబ్బులు పెట్టి తెప్పించుకునే ఒక ట్యాంకర్. ఇది విన్నాక మా అసోసియేషన్‌లో పెద్దాయన ఒకరు, ఏళ్ల తరబడి చెత్తతో నిండిన ఇంకుడు గుంతను దగ్గరుండి బాగు చేయించారు. 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో వాన 30 సెంటీమీటర్లు దాటిందని టీచర్ చెప్పినప్పుడు, పిల్లలు తమ స్కేళ్లు తీసి నిలబెట్టి చూసుకున్నారట. స్కేలంత వాన! ఆ లెక్కన వాళ్ల సీసా పొంగిపోయేది. డిసెంబరులో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరికి తీసుకెళ్లారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు సుమారు నూట యాభైమంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తర్వాతే 1920లో ఉస్మాన్‌సాగర్ (మనం గండిపేట చెరువు అనేది), 1927లో హిమాయత్‌సాగర్ కట్టారని అక్కడే, ఆ చెట్టు కింద చెప్పారు. మా పాప గండిపేట అన్న మాటను అప్పటి నుంచి వేరేగా పలుకుతుంది.

ఆ ఏడాది కనబడిన ప్రతివాళ్లకూ ఈ బడిలోనే చేర్పించమని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. ఆ పని అంతా ఒక్క టీచర్ మీద నడిచింది. నాలుగో తరగతి సగంలో ఆవిడ వాళ్లాయన ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్లిపోయారు. కొత్తగా వచ్చినావిడ మంచి మనిషే, పిల్లల మీద చెయ్యెత్తరు. కానీ ప్రాజెక్టు అంటే ఆవిడకు థర్మాకోల్, చార్ట్ పేపర్. రాత్రి పదకొండుకు నేను గమ్‌తో అగ్నిపర్వతం అతికిస్తుంటే పాప పక్కన నిద్రపోయేది. వాన రిజిస్టర్ మాత్రం పిల్లలు వదల్లేదు. అనుమానం గడి మాత్రం ఖాళీగా మిగిలేది, అడిగేవాళ్లు లేక.

ఇంకో మాట కూడా దాచను. ఎక్కాలు, ఇంగ్లిష్ స్పెల్లింగులు మా పాపకు వెనకబడ్డాయి. ఆరో తరగతికి పెద్ద స్కూలు పరీక్ష రాసినప్పుడు భాగహారాలు సగమే పూర్తి చేసింది. మా నాన్నగారు రెండు నెలలు రోజూ సాయంత్రం కూర్చోబెట్టి చెప్పబట్టి రెండో ప్రయత్నంలో సీటు వచ్చింది. ఇంట్లో ఆయన లేకపోతే నా అభిప్రాయం వేరేగా ఉండేదేమో. పైగా మా ఇల్లు బడికి పది నిమిషాల నడక, నేను ఇంటి నుంచే పని చేస్తాను. ఇద్దరూ ఆఫీసులకు వెళ్లే ఇంట్లో మధ్యాహ్నం రెండున్నరకు బడి వదిలితే కష్టం.

ఈ జూన్‌లో పాప ఆరో తరగతికి వెళ్లింది. మా మేడ మీద సొంత సీసా పెట్టుకుంది. ఈసారి నిటారుగా ఉన్నది ఏరుకుని తెచ్చింది. చిన్న నోట్‌బుక్‌లో నాలుగు గడులూ గీసుకుంది.

మీరు చూడటానికి వెళ్తే ప్రిన్సిపల్ గదిలో కూర్చుని మాటలు విని వచ్చేయకండి. మూడో తరగతి గదికి వెళ్లి వాన రిజిస్టర్ చూపించమనండి. అనుమానం గడిలో ఈ ఏడాది రాతలు కనిపిస్తే, ఇంట్లో ఎక్కాలు చెప్పే మనిషి ఉంటే, చేర్పించండి. ఆ గడి ఖాళీగా ఉంటే ఫీజు, దూరం చూసుకుని మీరే తేల్చుకోండి.