మూడు వేసవులు నడుముకు కట్టుకున్న నీళ్ల బెల్టు

నేను 2023 ఫిబ్రవరిలో ఈ నీళ్ల బెల్టు కొన్నాను. అప్పటి నుంచి మూడు వేసవులు, మూడు వానకాలాలు వారానికి నాలుగు రోజుల చొప్పున దీన్ని కట్టుకుని నెల్లూరులో పరుగెత్తాను. దుకాణంలో నడుముకు చుట్టుకుని అద్దంలో చూసుకుంటే ఏ బెల్టయినా బాగానే ఉంటుంది. అది చెమటతో తడిసి, సీసాలు సగం ఖాళీ అయి, మనం అలసిపోయిన తరువాత కూడా ఉన్నచోట ఉంటుందా లేదా అన్నదే అసలు పరీక్ష. కాబట్టి కొత్తలో కలిగిన అభిప్రాయాన్ని పక్కన పెట్టి, వాడగా వాడగా తెలిసిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను. ఇదే నమూనా బెల్టు చాలా పేర్లతో అమ్ముతున్నారు కనుక కంపెనీ పేరు రాయడం లేదు.

మాది దర్గామిట్ట. మామూలు రోజుల్లో తెల్లవారుజామున అయిదింటికి స్వర్ణాల చెరువు వైపు వెళ్లి గంటసేపు పరుగెత్తి వస్తాను. ఆదివారం మాత్రం ఇందుకూరుపేట దాటాక తెలిసినవారి ఇంటి ముందు స్కూటీ ఆపి, మైపాడు సముద్రం దాకా వెళ్లి తిరిగి వస్తాను. పోను రాను పదహారు కిలోమీటర్లు. ఆడవాళ్ల ట్రాక్ ప్యాంట్లలో చాలావాటికి జేబులుండవు, ఉన్నా అందులో ఫోను పడితే ప్యాంటు జారుతుంది. ఇంటి తాళంచెవి, స్కూటీ తాళంచెవి, ఫోను, వంద రూపాయల నోటు, వీటికితోడు నీళ్లు ఎక్కడ పెట్టుకోవాలన్న ప్రశ్నే నన్ను ఈ బెల్టు దాకా తెచ్చింది. అంతకుముందు ఏడాదిపాటు చేతికి పట్టీతో తగిలించుకునే సీసా వాడాను. అరకిలో బరువు ఒకే చేతిలో ఉండడంతో తెలియకుండానే పిడికిలి బిగుసుకుని, అరగంట గడిచేసరికి ఆ వైపు భుజం, మెడ పట్టేసేవి. నడకకు అది చాలు, పరుగుకు పనికిరాదు.

బెల్టు నాలుగు వేళ్ల వెడల్పు ఉంటుంది. తుంటి ఎముకల వెనుక ఇరువైపులా పావు లీటరు సీసాలు ఏటవాలుగా కూర్చునే రెండు గూళ్లు, వెనుక నడిమధ్య ఫోను పట్టే జిప్పు అర, దాని లోపల తాళంచెవులకు చిన్న అర, ముందు ప్లాస్టిక్ బకిల్ ఉన్నాయి. ధర తొమ్మిది వందల రూపాయల లోపే. సీసాలు నిలువుగా కాక ఏటవాలుగా ఉండడం చూడడానికి చిన్న విషయమే గానీ, మణికట్టు వంచకుండా సీసాను లాగి, తాగి, చూడకుండానే మళ్లీ గూటిలో దోపడానికి ఆ వాలే ముఖ్యం. నిలువు గూడు ఉన్న బెల్టును స్నేహితురాలి దగ్గర తీసుకుని రెండు రోజులు వాడాను. ప్రతిసారీ మోచేతిని వెనక్కి ఎత్తవలసి వచ్చి పరుగు తాళం తప్పింది.

మొదటి నెలలో బెల్టు నన్ను బాగా విసిగించింది. అడుగడుగునా ఎగిరెగిరి పడుతూ, క్రమంగా పైకి పాకి పొట్ట మీదికి వచ్చేది. దాన్ని తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను కూడా. తప్పు కట్టిన చోటులో ఉందని తరువాత అర్థమైంది. చీర కట్టే అలవాటు వల్ల నేను దాన్ని లంగా బొందు కట్టే చోట, అంటే నడుము సన్నంగా ఉండే చోట బిగించేదాన్ని. అక్కడ బిగిస్తే ఊపిరి పీల్చినప్పుడల్లా పొట్ట బెల్టును నెడుతుంది, బొందు ఒరిసి నల్లబడిన చర్మం మీదే ఇదీ ఒరుస్తుంది. మన ఒంటి బరువుకు కేంద్రం బొడ్డుకు కాస్త కిందుగా ఉంటుంది. బెల్టును ఆ ఎత్తుకు దించి తుంటి ఎముకల మీద కూర్చోబెడితే బరువు ఒంటితోపాటే కదులుతుంది తప్ప విడిగా ఊగదు. రెండు వేళ్లు దూరేంత వదులు మాత్రమే ఉంచి, పరుగు మొదలుపెట్టిన అయిదు నిమిషాలకు మరోసారి బిగించాలి, ఎందుకంటే తడిసిన ఎలాస్టిక్ కొంత సాగుతుంది. ఇలా మార్చుకున్నాక ఎగిరిపడడం దాదాపు పూర్తిగా పోయింది.

మిగిలిన కొంచెం కదలికకు కారణం సీసాలోని ఖాళీయే. ఒక వైపు సీసా తాగేసి రెండోది నిండుగా ఉంచితే బరువున్న వైపుకు బెల్టు మెల్లగా తిరిగిపోతుంది, ఫోను అర పక్కకు వచ్చేస్తుంది. కుడి ఎడమలు మార్చి మార్చి రెండేసి గుక్కలు తాగడం అలవాటు చేసుకున్నాను. తాగిన తరువాత సీసాను నొక్కి గాలి కొంత బయటికి పంపి మూత వేస్తే లోపలి నీళ్ల గలగల కూడా తగ్గుతుంది.

ఎన్ని నీళ్లు మోయాలన్నది సీసా అమ్మేవారు చెప్పే మాట కాదు, ఎవరి చెమటను వారే కొలుచుకోవాలి. పరుగుకు ముందు, తరువాత చెమట తుడుచుకుని బరువు చూసుకుని, తగ్గిన బరువుకు మధ్యలో తాగిన నీళ్లు కలిపితే ఆ సమయంలో పోయిన చెమట తెలుస్తుంది. ఒక కిలో తగ్గితే సుమారు ఒక లీటరు పోయినట్టు. నాకు ఫిబ్రవరిలో గంటకు 650 గ్రాములు తగ్గితే, మే నెలలో 300 మిల్లీలీటర్లు తాగి కూడా 1,100 గ్రాములు తగ్గాను, అంటే లీటరున్నర దగ్గరికి వెళ్లింది. పోయినదంతా పరుగులోనే తిరిగి తాగాలనేమీ లేదు. దాహం వేసినప్పుడు తాగడమే మంచిది. గంటల తరబడి అవసరానికి మించి ఉత్త నీళ్లు తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు మొదలుకొని ప్రాణాపాయం దాకా వెళ్లవచ్చు. అందుకే గంట పరుగుకు నాకు ఈ అర లీటరు సరిపోతుంది. ఆదివారం మాత్రం మైపాడులో ఒక కొబ్బరి బోండాం తాగి, అక్కడి దుకాణంలో నీళ్లు కొని సీసాలు మళ్లీ నింపుకుంటాను. వంద రూపాయల నోటు బెల్టులో ఎప్పుడూ ఉండేది అందుకే.

ఎండలు ముదిరాక ఒక సీసాలో ఓఆర్ఎస్ పోస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం 20.5 గ్రాముల పొడి లీటరు నీళ్లకు లెక్క. పొట్లం చింపి కంటి అంచనాతో పావు వంతు పావు లీటరు సీసాలో వేయడం సరికాదు, ఉప్పు పాళ్లు తారుమారవుతాయి. ఇంట్లో లీటరు కలిపి అందులోంచి సీసా నింపుకుని, మిగిలింది వచ్చాక తాగడమే పద్ధతి. బెల్టు కొన్న ఏడాది ఉప్పు వేసిన పలచటి మజ్జిగ పోసి చూశాను. తాగడానికి హాయిగానే ఉన్నా, పీల్చే రబ్బరు మూతిలో వెన్న చేరి ఎన్నిసార్లు కడిగినా పులిసిన వాసన పోలేదు. ఆ మూత పారేయవలసి వచ్చింది. మజ్జిగ ఇంటికొచ్చి గ్లాసులో తాగవలసిన పానీయం.

చల్లదనం విషయంలో ఈ సీసాల నుంచి ఏమీ ఆశించకూడదు. ఒంటికి ఆనుకుని ఉంటాయి కనుక మే నెలలో అరగంటకే నీళ్లు గోరువెచ్చనవుతాయి. రాత్రి సీసాలో సగం నీళ్లు పోసి, అడ్డంగా పడుకోబెట్టి గడ్డకట్టించి, పొద్దున మిగతా సగం నింపుకుంటే ముప్పావు గంట దాకా చల్లగా ఉంటాయి. అడ్డంగా పెట్టడం ఎందుకంటే మూతి దగ్గర మంచు అడ్డుపడకుండా పై నుంచి నీళ్లు పోసేందుకు దారి ఉంటుంది. అయితే చల్లటి సీసా బయట పట్టే నీరు పక్కనున్న ఫోను అరలోకి దిగుతుంది. సీసాకు చేతిరుమాలు చుట్టడం తప్పనిసరి.

ఫోను ప్రస్తావన వచ్చింది కనుక ఈ బెల్టులో నాకు నిజంగా కోపం తెప్పించిన లోపం చెప్పాలి. అర మీద నీరు దిగని గుడ్డ అని రాసి ఉంది, పై నుంచి వాన పడితే నిజంగానే దిగదు. కానీ ఒంటి వైపు ఉన్న గుడ్డ మామూలు జాలీ గుడ్డ, చెమటంతా అటు నుంచే లోపలికి వస్తుంది. 2023 జూన్‌లో ఒక ఆదివారం మైపాడు నుంచి తిరిగి వచ్చి జిప్పు తీస్తే అర అడుగున చెంచాడు ఉప్పునీళ్లు నిలిచి ఉన్నాయి, ఫోను ఛార్జింగ్ రంధ్రం తడిసిపోయి రెండు రోజులు పనిచేయలేదు. ఒంటరిగా పరుగెత్తే ఆడదానికి ఫోను అలంకారం కాదు, ఆపదలో పిలుపు అందించే ఒకే ఒక్క సాధనం. అప్పటి నుంచి నొక్కితే మూసుకునే ప్లాస్టిక్ కవరులో ఫోను పెట్టి, అదే కవరులో నా రక్తపు గ్రూపు, ఇంటి నంబరు రాసిన చీటీ ఉంచుతున్నాను. తయారుచేసేవారు బయటి వైపు కన్నా ముందు లోపలి వైపు చెమట దిగని గుడ్డ వేయాలి.

మరి చొక్కా మీద తొడుక్కునే, నీళ్లు మోసే వెస్టు సంగతేమిటని చాలామంది అడుగుతారు. 2024 జూన్‌లో మూడు వేల నాలుగు వందలు పెట్టి అదీ కొన్నాను. ముందు ఛాతీ మీద రెండు మెత్తని సీసాలు, వీపున లీటరున్నర నీళ్ల సంచి, భుజం మీదుగా వచ్చే గొట్టం ఉంటాయి. సంచిలో గాలి మిగిలితే వీపు మీద నీళ్లు తొణుకుతాయి. నింపాక తలకిందులు చేసి, గొట్టంతో గాలి పీల్చేస్తే ఆ బాధ ఉండదు. బరువు భుజాల మీద పరుచుకుని నడుము తేలికగా ఉంటుంది, సామాను ఎక్కువ పడుతుంది, ఈ రెండూ నిజమే. అయినా నేను దాన్ని అల్మారాలో పెట్టేశాను, కారణం మన గాలి.

వీపు మీద నీళ్ల సంచి ఆలోచన వచ్చింది సైకిలు తొక్కేవారి నుంచి. 1980ల చివరలో అమెరికాలోని టెక్సాస్‌లో, విచిటా ఫాల్స్ అనే ఊళ్లో ఆగస్టు ఎండలో సాగే వంద మైళ్ల సైకిల్ యాత్రలో, అంబులెన్సు సేవల్లో పనిచేసే మైకేల్ ఐడ్సన్ అనే ఆయన సెలైన్ సంచిలో నీళ్లు నింపి, దాన్ని పొడుగు మేజోడులో దూర్చి, చొక్కా వీపుకు కుట్టుకుని బయలుదేరాడు. క్యామెల్‌బ్యాక్ అన్న కంపెనీ పుట్టుక అది. సైకిలు మీద వంగిన వీపు సంచికి పీట అవుతుంది, వేగం వల్ల ఒంటికి గాలి ధారాళంగా తగులుతుంది. పరుగెత్తే మనిషి నిటారుగా ఉంటాడు, గాలి అంత తగలదు. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది, కారిపోయిన చెమట వల్ల ఆ మేలు లేదు. సముద్రం దగ్గరగా ఉన్న మన ప్రాంతంలో, అందులోనూ గాలిలో తేమ శాతం ఎక్కువగా ఉండే తెల్లవారుజామున, చెమట ఆరడమే కష్టం. ఆ కాస్త ఆరే వీపును కూడా వెస్టుతో కప్పేస్తే ఉడికిపోయినట్టే ఉంటుంది. మే నెలలో ఒకే దారిలో ఒక ఆదివారం వెస్టుతో, మరో ఆదివారం బెల్టుతో వెళ్లి చూశాను. వెస్టు వేసుకున్న రోజు పది కిలోమీటర్లకే నడకలోకి దిగాను. ఉదయగిరి కొండల వంటి చోట, దారిలో నీళ్లు దొరకనప్పుడు వెస్టు తప్పదు. ఊళ్లు దగ్గరదగ్గరగా ఉన్న కోస్తా రోడ్ల మీద వీపును ఖాళీగా వదిలే బెల్టే మేలని నా గట్టి నమ్మకం.

వానకాలం వెస్టుకు మరో కష్టం తెచ్చింది. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి. ఆ ముసురులో సంచి ఎంతకీ ఆరక, గొట్టం లోపల నల్లటి చుక్కలుగా బూజు పట్టింది. పొడుగాటి సన్నని బ్రష్షు, వంటసోడా కలిపిన వేడినీళ్లు వాడినా అన్ని చుక్కలూ పోలేదు, గొట్టం మార్చవలసి వచ్చింది. వాడిన వెంటనే కడిగి, వంచి, ఖాళీ సంచిని ఫ్రిజ్‌లో మంచుగడ్డలు కట్టే అరలో పెడితే బూజు పట్టదు, కానీ ఆ జాగ్రత్త రోజూ చేయడం ఉద్యోగం, వంట ఉన్నవారికి సులభం కాదు. బెల్టు సీసాల మూతి వెడల్పు, వేళ్లు దూరతాయి, పీచుతో తోమి బోర్లిస్తే చాలు.

బెల్టును ప్రతి పరుగు తరువాత ఉత్త నీళ్లలో జాడించి నీడలో ఆరేయాలి. ఎండిన చెమటలోని ఉప్పే చర్మాన్ని గీరేది, జిప్పు లాగే లోహపు కొసను తుప్పు పట్టించేది కూడా అదే. నా జిప్పు పళ్లు ప్లాస్టిక్‌వి కనుక ఇంకా బాగున్నాయి, లాగే కొస మాత్రం ఊడిపోతే తాడు ముక్క కట్టాను. ఒరిసే చోట పరుగుకు ముందు కొబ్బరినూనె రాసుకుంటున్నాను. చీకట్లో మెరిసే పట్టీ రెండో ఏడాదికే ఉతుకుల్లో వెలిసిపోయింది. రొయ్యల లారీలు తిరిగే మైపాడు రోడ్డు మీద అది చిన్న లోపం కాదు, విడిగా మెరుపు పట్టీ కొని కుట్టించాను.

2024 చివరికి ఎలాస్టిక్ బలం తగ్గి, గూడు వదులై, ఒకరోజు సీసా రోడ్డు మీద పడి వెనుక వస్తున్న ఆటో చక్రం కింద నలిగింది. కొత్తది కొనడానికి ముందు మా వీధిలో బట్టలు కుట్టే అక్కకు చూపించాను. ఆమె రెండు చేతులతో లాగి చూసి, “ఎలాస్టిక్ సచ్చిపోయిందక్కా, బకిల్ గట్టిగానే ఉండాది, పట్టీ మార్చేద్దాం” అంది. నడుము పట్టీ, రెండు గూళ్ల అంచులు కలిపి నూటయాభై రూపాయలతో మార్చింది. ఆ కుట్లు ఈ రోజుకీ చెక్కుచెదరలేదు, బెల్టు కొత్తప్పటి కన్నా బిగువుగా కూర్చుంటోంది. వెల్క్రోతో అంటుకునే బెల్టయితే ఈ మరమ్మతు కుదిరేది కాదు, దారాలు, ఇసుక పట్టిన వెల్క్రో పట్టు తప్పుతుంది. కొనేవారు బకిల్ ఉన్నదే చూసుకోవాలి.

ఇప్పుడు నా దగ్గర బాగున్న బెల్టు, ఒక సీసా, పగిలిపోతున్న ఒక మూత ఉన్నాయి. అమ్మిన కంపెనీకి రెండుసార్లు రాశాను. సీసాలు, మూతలు విడిగా అమ్మరట, మొత్తం బెల్టే కొనాలట. పట్టీ కుట్టించుకోగలం గానీ మూతను ఏ దర్జీ కుట్టలేదు. మా ఊళ్లోనే పొగతోట అనే పేటలోని ఒక ప్లాస్టిక్ సామాను దుకాణంలో అదే చుట్టుకొలత ఉన్న పావు లీటరు సీసా దొరికింది. గూటిలో సరిగ్గా కూర్చుంది, మూత మాత్రం తిప్పి తీసేది, పరుగులో తాగాలంటే రెండు చేతులూ కావాలి. ప్రస్తుతానికి ఎడమ వైపు అదే పెట్టుకుని, చెరువుగట్టు మలుపులో ఆగి తాగుతున్నాను.