పెడన కలంకారీ దుప్పటి: వెనక్కి తిప్పి చూసి కొనండి

బందరు వెళ్ళినవాళ్ళు లడ్డూ, చిలకలపూడి రోల్డుగోల్డు నగలు తెచ్చుకుంటారు. ఆ రేవుకు దేశదేశాల్లో పేరు తెచ్చిన సరుకు మాత్రం కలంకారీ అనే అద్దకం గుడ్డ. గోల్కొండ నవాబుల కాలంలో డచ్చివాళ్ళు, ఆ వెనకే 1611లో ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ గిడ్డంగులు పెట్టింది ప్రధానంగా ఈ గుడ్డల కోసమే. ఐరోపాలో దీని గిరాకీకి తట్టుకోలేక అక్కడి నేత వర్తకులు గగ్గోలు పెడితే 1686లో ఫ్రాన్సు, 1721లో ఇంగ్లండు అద్దకం నూలు గుడ్డల మీద నిషేధం తెచ్చాయి. ఇప్పుడీ పని ఎక్కువగా జరిగేది బందరుకు పది కిలోమీటర్ల దూరంలోని పెడనలో. గుడివాడ నుంచి బందరు వెళ్ళే రైలు పెడనలో ఆగుతుంది, బస్సులూ ఉన్నాయి.

ముందే చెప్పేస్తున్నాం: ఎరుపు, నలుపు రంగుల్లో సహజ రంగులతో అద్దిన నూలు దుప్పటి అడిగిన ధరకు పూర్తిగా తగిన సరుకు. కానీ కలంకారీ అన్న ఒకే పేరు మీద మూడు రకాలు అమ్ముతారు. జాలి తెర (స్క్రీను) మీదుగా రంగు లాగేసింది ఒకటి. చెక్క అచ్చుతోనే కొట్టి రసాయన రంగులు వాడింది రెండోది. చెక్క అచ్చు, కరక్కాయ, పటిక, ఆకులతో పాత పద్ధతిలో చేసింది మూడోది. మొదటిది మూడోదాని ధరకు అంటగట్టడమే ఇక్కడ పెద్ద చిక్కు.

తేడా తెలియాలంటే పని ఎలా జరుగుతుందో తెలియాలి. కోరా గుడ్డను ఉతికి గంజి వదలగొట్టి, కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో ముంచి ఎండబెడతారు. గుడ్డ లేత పసుపుకు తిరుగుతుంది. ఇనుప తుక్కును బెల్లం నీళ్ళలో కొన్ని వారాలు ఊరబెడితే వచ్చే ద్రావణంతో గీతల అచ్చు కొడతారు. కరక్కాయ తగిలిన గుడ్డ మీద అది కళ్ళముందే నల్లబడుతుంది. ఎర్రగా రావాల్సిన చోట తుమ్మ జిగురు కలిపిన పటిక నీళ్ళు అద్దుతారు. ఎక్కడ అద్దారో కనపడాలని అందులో కాస్త రంగు కలుపుతారు గానీ అసలు ఎరుపు అప్పటికింకా పుట్టలేదు.

మూడు నాలుగు రోజులు ఆరనిచ్చి పారే నీళ్ళలో ఉతుకుతారు. పనితనమంతా తేలేది ఈ దశలోనే. నిలవ నీళ్ళలో జాడిస్తే వదులుగా ఉన్న పటిక, ఇనుము మళ్ళీ గుడ్డకే పట్టుకుని, ఉడకబెట్టాక నేలంతా (బొమ్మ లేని ఖాళీ భాగమంతా) గులాబీ మరకలవుతుంది. ఆరనివ్వకుండా ఉతికితే గీతలు చెదురుతాయి. తర్వాత రాగి గంగాళంలో ఎర్రరంగు దినుసులు, జాజి ఆకు వేసి కట్టెల మంట మీద ఉడికిస్తారు. పటిక తగిలిన చోటే ఎరుపు అంటుకుంటుంది. రంగు అంతటా సమంగా పట్టడానికే ఆ ఆకు. ఒకప్పుడు ఎరుపుకు చిరివేరు అనే మొక్క వేళ్ళు వాడేవారు. దాని ఎరుపుకు ముఖ్య కారణమైన అలిజరిన్‌ను 1868లో జర్మన్ రసాయనవేత్తలు కృత్రిమంగా తయారుచేశారు. ఇప్పుడు చాలా చోట్ల గంగాళంలో పడేది అదే. దాన్ని మోసమనలేం. పటికతో కలిసి గుడ్డకు పట్టే తీరు అదే, నిలకడా బాగుంటుంది. అయితే "మొత్తం వేళ్ళతోనే చేశాం" అన్న అమ్మకందారు మాట మీద ఎక్కువ ధర ఇవ్వకండి.

ఇక కొట్లో చూడాల్సినవి. దుప్పటి వెనక్కి తిప్పండి. పాత పద్ధతిలో రంగు నూలులోకి దిగుతుంది కాబట్టి వెనకవైపూ బొమ్మ స్పష్టంగా, కాస్త వెలసినట్టు ఉంటుంది. స్క్రీను సరుకులో సాధారణంగా వెనకంతా తెల్లగా ఉండి, ముందు వేలితో రాస్తే పైన పొరలా తగులుతుంది. అచ్చు పడిన చోట్లు వెతకండి. చేత్తో కొట్టినదైతే గీతకూ లోపలి రంగుకూ మధ్య జరుగుడు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. అన్ని చోట్లా ఒకే దూరంలో ఒకే జరుగుడు కనిపిస్తే అది స్క్రీను. అచ్చు విరిగినందువల్ల వచ్చే లోపం కూడా మళ్ళీ మళ్ళీ పడుతుంది కనుక విరుగును కాదు, జరుగుడునే చూడాలి. నేల మీగడ రంగులో ఉండటం మంచి గుర్తు. మిలమిల్లాడే తెలుపైతే అనుమానించండి.

అన్నిటికన్నా గట్టి పరీక్ష నిమ్మరసం. కొట్టువాణ్ణి అడిగి అదే గుడ్డలో చిన్న ముక్క తీసుకుని నల్ల గీత మీద ఒక చుక్క వేయండి. కరక్కాయ, ఇనుము కలిసిన నలుపైతే కాసేపట్లో గోధుమ రంగుకు పాలిపోతుంది. రసాయన నలుపు చెక్కుచెదరదు. అందుకే ఈ దుప్పటి మీద పులుసు, చారు, నిమ్మకాయ నీళ్ళు ఒలికితే వెంటనే కడిగేయాలి.

లోపాలూ ఉన్నాయి. నలుపులో ఇనుము ఎక్కువైతే నూలును తినేస్తుంది. మ్యూజియాల్లోని పాత అద్దకాల్లో నల్ల గీత ఉన్నచోటే గుడ్డ చిరిగి ఉండటానికి కారణమిదే. కాబట్టి నల్ల నేల మీద సన్న ఎర్ర పూలున్న రకం కన్నా, మీగడ నేల మీద సన్న నల్ల గీతలున్నదే ఎక్కువకాలం మన్నుతుంది. కరక్కాయ పువ్వు, దానిమ్మ తొక్కతో తీసిన పసుపు ఎండకు వెలుస్తుంది. నీలి మొదట్లో చేతికి అంటుతుంది. కిటికీ పక్క మంచానికి ఎరుపు, నలుపే తీసుకోండి.

మొదటి ఉతుకు విడిగా, చన్నీళ్ళలో, సబ్బు లేకుండా చేయండి. తర్వాత కుంకుడు రసమో, ఘాటు తక్కువ సబ్బో చాలు. బ్లీచింగు వద్దు, నానబెట్టొద్దు, నీడలో ఆరేసి ఇస్త్రీ వెనకవైపు చేయండి. మీటరుకు మూడు నాలుగు సెంటీమీటర్లు కుంచించుకుపోతుందని లెక్క వేసుకోండి. 90×108 అంగుళాల దుప్పటి డబుల్ మంచానికి వేలాడేంత వస్తుంది. కుట్టించుకునే గుడ్డైతే ముందు తడిపి ఆరేసి అప్పుడే దర్జీకి ఇవ్వండి.

సిల్కు చీరల మీద కలంకారీ పేరుతో వచ్చేవాటిలో చాలావరకు స్క్రీనే. చీర కావాలంటే నూలులోనే అడగండి. వానాకాలంలో గుడ్డ ఆరదు, వేసవిలో కాలువలు కట్టేస్తే ఉతుకు సాగదు. అచ్చు కొట్టడం నుంచి ఉడకబెట్టడం వరకు చూసి కొనాలంటే చలికాలం వెళ్ళండి. పొద్దున బందరులో 17వ శతాబ్దపు డచ్చి సమాధులు చూసుకుని పదింటికల్లా పెడన చేరితే గంగాళాల కింద మంటలు ఇంకా వెలుగుతుంటాయి.