ఆ ఏంజెల్–డెమన్ ప్రేమకథ మాంగా సెట్ కొనేముందు ఇది చదవండి

బెంగళూరులో చర్చ్ స్ట్రీట్, బ్రిగేడ్ రోడ్ వైపు మాంగా, అంటే జపాన్ కామిక్స్, కొనే మన తెలుగువాళ్ళందరికీ ఈ మాట చేరాలి. తెల్ల రెక్కల అమ్మాయి, నల్ల రెక్కల అబ్బాయి, వెనక ఎర్రటి చంద్రుడు ఉన్న అట్టతో ఒక ఫాంటసీ రొమాన్స్‌ను మూడు వాల్యూములూ కలిపి ప్లాస్టిక్ సీల్ వేసి అమ్ముతున్నారు. అట్ట చూస్తే ఎవరికైనా కొనాలనిపిస్తుంది. దయచేసి ఆగండి. నాకు 1,800 రూపాయల పైనే పడింది. చివరి పేజీ దాకా చదివాకే ఇది రాస్తున్నాను. పేరు కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి.

అన్నిటికంటే ముందు తెలియాల్సింది, ఆ కథ పూర్తి కాలేదు. షాపులో "సీరీస్ అయిపోయిందండీ, మొత్తం మూడే" అన్నారు. మూడే అన్న మాట నిజమే. కానీ మూడోది యుద్ధం మొదలయ్యే చోట ఆగిపోతుంది. ఆ అబ్బాయి తండ్రి ఎవరో, ఆ అమ్మాయి రెక్క ఎందుకు విరిగిందో ఎక్కడా చెప్పరు. జపాన్‌లో మాంగా సాధారణంగా ముందు పత్రికల్లో చాప్టర్ చాప్టర్‌గా వస్తుంది, తర్వాత వాల్యూములుగా కడతారు. పాఠకుల ఆదరణ తగ్గితే కథ మధ్యలోనే ఆపేయిస్తారు. అలా ఆగినవి కూడా పూర్తయిన సెట్లలాగే షెల్ఫ్‌లో కూర్చుంటాయి. కాబట్టి "ఎన్ని వాల్యూములు?" అని అడిగి ఊరుకోకండి, కథకు ముగింపు ఉందా అని చదివినవాళ్ళను అడగండి.

సరే, ముగింపు లేకపోయినా ప్రేమ బాగుంటే సర్దుకుపోయేదాన్ని. అదీ లేదు. రెండు లోకాలవాళ్ళు ప్రేమించుకోకూడదంటారు, ఎందుకు కూడదో మాత్రం చెప్పరు. మనకు ఆదిపర్వంలో కచుడూ దేవయానీ ఉన్నారు. అతను దేవతల పక్షం, ఆమె రాక్షసగురువు కూతురు. మృతసంజీవని కోసం అతను వచ్చాడని మనకు ముందే తెలుసు, రాక్షసులు అతన్ని ఎందుకు చంపుతారో తెలుసు, చివరికి ఆమెను ఎందుకు కాదన్నాడో కూడా తెలుసు. శుక్రుడి కడుపులోంచి బయటికొచ్చాడు కనక ఆమె తోబుట్టువు వరస అయింది. ఆ కట్టుబాటు అంత స్పష్టంగా ఉంది కాబట్టే దేవయాని బాధ మనకు తగులుతుంది. ఈ మాంగాలో రెండో చాప్టర్‌కే ప్రాణం ఇచ్చేస్తానంటారు, ఆమె జ్ఞాపకాలు పోతాయి, వస్తాయి, మళ్ళీ పోతాయి. ఏ నియమం ప్రకారమో రచయితకే తెలియనట్టుంది. బొమ్మల్లో ముఖాలు మాత్రం చాలా అందంగా ఉన్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి.

పిల్లలకు కొనేవాళ్ళు ఇది తప్పకుండా చూడండి. అట్ట వెనక టీన్ అని, అంటే 13 దాటినవాళ్ళు చదవొచ్చని ఉంది. లోపల ఆ అమ్మాయి వద్దు అన్న ప్రతిసారీ అతను చెయ్యి పట్టుకుని గోడకు ఆనిస్తాడు. తర్వాతి ప్యానెల్‌లో ఆమె బుగ్గలు ఎర్రబడతాయి, చుట్టూ పువ్వులు. బలవంతాన్ని ప్రేమగా చూపించడం నాకు చాలా కోపం తెప్పించింది. మా అక్క కూతురు తొమ్మిదో తరగతి, దాని పుట్టినరోజుకని తెచ్చాను. ముందు నేను చదివాను కాబట్టి ఇవ్వకుండా ఆపగలిగాను.

ఇంకొకటి, నాకు వచ్చిన రెండో వాల్యూములో కొన్ని పేజీలు రెండుసార్లు పడ్డాయి, వాటి స్థానంలో రావాల్సినవి లేవు. సీల్ తీశాక వాపసు ఉండదన్నారు. కథ నచ్చలేదని తిరిగివ్వడం కుదరదు గానీ అచ్చు లోపం సంగతి వేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తానన్నాక ఆ ఒక్క వాల్యూమూ మార్చి ఇచ్చారు. బిల్లు పారేయకండి. సీల్ కౌంటర్ దగ్గరే, వాళ్ళ ఎదుటే తీయించి పేజీలు తిరగేయండి.

కొత్త సీరీస్ అయితే మొదటి వాల్యూము ఒక్కటే తీసుకోండి. చాలా పబ్లిషర్లు మొదటి చాప్టర్‌ను ఆన్‌లైన్‌లో ఉచితంగానే పెడతారు, అది చూసి నిర్ణయించుకోవచ్చు. ఇంత చెప్పినా ఈ కథే చూడాలనిపిస్తే డబ్బు పెట్టకండి, నా సెట్ ఇస్తాను. మారతహళ్ళి వైపు ఉంటాను, చదివి తిరిగిచ్చేయండి.