వారం వారం పాటల చార్టు: ఆరేళ్లు వాడాక

ముందుగా ఒక మాట. చార్టులో చూడాల్సింది పాట ఎన్నో స్థానంలో ఉందని కాదు, దాని స్ట్రీముల అంకె, అంటే ఆన్‌లైన్‌లో ఎన్నిసార్లు విన్నారన్నది. స్పాటిఫై ఇండియా వీక్లీ చార్టు, యూట్యూబ్ వీక్లీ చార్టు, అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100, బ్రిటన్ సింగిల్స్ చార్టు, ఈ నాలుగూ ఆరేళ్లు చూశాక చివరికి నమ్మకంగా చెప్పగలిగింది ఇదే. స్థానం ఒక్కటే చూసేవాళ్లకు రెండు నెలల్లో విసుగొస్తుంది. అంకె రాసిపెట్టుకుంటే పాట ఎప్పుడు పుంజుకుందో, ఎప్పుడు చల్లబడిందో కళ్లకు కడుతుంది.

నాలుగింటికీ వారం ఒకటే, శుక్రవారం మొదలై గురువారంతో ముగుస్తుంది. 2015 జూలైలో కొత్త పాటల విడుదలకు ప్రపంచమంతా శుక్రవారం ఖాయమైంది, చార్టులూ దాని వెంటే నడిచాయి. మన సినిమా పాటలు ఈ కట్టుబాటులో లేవు. లిరికల్ వీడియో సోమవారం రావచ్చు, బుధవారం సాయంత్రం 4:05కూ రావచ్చు. ఎవరి ముహూర్తం వాళ్లది. కొత్తగా చూసేవాళ్లు మొదట బోల్తా పడేది ఇక్కడే.

లెక్క కోసం ఒక పాట బుధవారం తెల్లవారుజామున వచ్చిందనుకోండి. మొదటి వారంలో దానికి దొరికింది రెండే రోజులు, వచ్చినవి 14 లక్షల స్ట్రీములు. అంటే రోజుకు 7 లక్షలు. రెండో వారం ఏడు రోజులూ దొరికాయి, 35 లక్షలు వచ్చాయి, రోజుకు 5 లక్షలు. చార్టులో పాట పైకి ఎగబాకుతుంది, అభిమానులు పండగ చేసుకుంటారు. నిజానికి రోజు సగటు దాదాపు 29 శాతం పడిపోయింది. మూడో వారంలోనూ ఆ 5 లక్షల దగ్గర నిలబడితే అప్పుడు అది జనంలోకి వెళ్లిన పాట. అందుకే నోట్‌బుక్‌లోనో ఎక్సెల్‌లోనో ఆరు గడులు గీసుకోండి: పాట, విడుదల తేదీ, ఆ వారం దొరికిన రోజులు, స్ట్రీములు, రోజు సగటు, పోయిన వారంతో తేడా. పక్కనే కారణానికి కాస్త జాగా వదలండి. సినిమా రిలీజ్, ఫుల్ వీడియో, ఓటీటీ, ఈ మూడింటిలో ఏది జరిగిన వారం అంకె లేచిందో రాయకపోతే రెండు నెలల తర్వాత ఆ పట్టీ మీకే అర్థం కాదు.

స్పాటిఫై చార్టు పేజీకి ఉచిత ఖాతాతో లాగిన్ అయితే చాలు, ఇండియా టాప్ 200 కనిపిస్తుంది. 30 సెకన్లు విన్నాకే ఒక స్ట్రీము. అయితే యాప్‌లో పాట కింద కనిపించే మొత్తానికీ చార్టులోని అంకెకూ పొంతన కుదరదు. కృత్రిమంగా పెంచిన ప్లేలను తీసేయడానికి చార్టుకు వేరే జల్లెడ ఉంది. ఈ రెండు అంకెలనూ ఒకే గడిలో కలిపి రాయకండి. ఇంకో సంగతి, ప్లేలిస్టు పేరులో 'టాప్' అనో 'హాట్' అనో ఉన్నంత మాత్రాన అది చార్టు అయిపోదు. చాలావాటిని ఎడిటర్లు కూర్చుతారు, వరుస వాళ్ల ఇష్టం.

యూట్యూబ్‌లో పాటల చార్టు వేరు, వీడియోల చార్టు వేరు. పాటల చార్టు ఒక పాట లిరికల్‌నీ ఫుల్ వీడియోనీ కలిపి లెక్కిస్తుంది, వీడియోల చార్టులో ఏ వీడియో లెక్క దానిదే. అదే ట్యూన్‌కు తెలుగు, తమిళం, హిందీ పాటలుంటే వాటి లెక్కలు కలవవు. 2019 సెప్టెంబరు నుంచి డబ్బిచ్చి నడిపిన ప్రకటనల వ్యూలను యూట్యూబ్ తన చార్టుల్లోంచీ, 24 గంటల రికార్డుల్లోంచీ తీసేసింది. కాబట్టి పోస్టర్ మీద మిలియన్లు ఎన్నున్నా, పాట చార్టులో లేకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

బ్రిటన్ చార్టుది వేరే పేచీ. అక్కడ డబ్బు కట్టి వినే స్ట్రీములు 100 కలిస్తే ఒక అమ్మకం, ఉచితంగా వినేవైతే 600 కావాలి. 2017 మార్చిలో ఎడ్ షీరన్ ఆల్బమ్ వచ్చినప్పుడు టాప్ 20లో 16 పాటలు ఆయనవే. ఆ దెబ్బకు నిబంధనలు మార్చారు. ఒక కళాకారుడికి మూడు పాటలకు మించి చోటు లేదు. పాట చార్టులో పది వారాలు ఉండి, వరుసగా మూడు వారాలు తగ్గితే, 100 కాస్తా 200, 600 కాస్తా 1200 అవుతాయి. ఉదాహరణకు 40 లక్షల పెయిడ్ స్ట్రీములున్న పాటకు నిన్నటిదాకా 40,000 అమ్మకాలు, మరుసటి వారం 20,000. వినేవాళ్లు ఒక్కరు తగ్గకపోయినా పాట ఒక్క శుక్రవారంలో దబ్బున కిందికి జారుతుంది. ఈ నిబంధన తెలియనివాళ్లు ఆ పాట పనైపోయిందనుకుంటారు.

హాట్ 100లో అడ్డంకి తేదీలది. 2025 జూన్ 6 నుంచి 12 వరకు విన్న లెక్క 17వ తేదీ మంగళవారం బయటికి వచ్చింది, చార్టు మీద మాత్రం జూన్ 21 అని ఉంటుంది. నోట్‌బుక్‌లో చార్టు తేదీ కాకుండా విన్న వారాన్నే రాస్తే నాలుగు చార్టులూ ఒకే వరుసలో కుదురుతాయి. పైగా అందులో రేడియో కూడా కలుస్తుంది. రేడియో మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది కనుక, స్ట్రీములు సగమైన పాట కూడా వారాల తరబడి పైనే కూర్చుంటుంది. ఓపిక లేనివాళ్లకు ఈ చార్టు సిఫారసు చేయను. డిసెంబరులో అయితే కొత్త పాటలను అంచనా వేయడం మానుకోవడమే మేలు. 1994 నాటి మరియా క్యారీ క్రిస్మస్ పాట మొదటిసారి నంబర్ వన్ అయింది 2019లో, ఆ తర్వాత కూడా క్రిస్మస్ పాటలు ఏటా తిరిగొచ్చి పైన కూర్చుంటున్నాయి.

మన దగ్గరికొస్తే, ఈ చార్టుల్లో కర్నూలు, అనంతపురం, కడపలకు విడిగా లెక్క లేదు. మనం వినేదంతా ఇండియా అనే ఒకే గంపలో హిందీ, పంజాబీ, తమిళ పాటలతో కలిసిపోతుంది. అంతకంటే బాధ కలిగించేది ఇంకోటుంది. కర్నూలులో వినాయక నిమజ్జనం నాడు డీజే బండ్ల మీద మోగే పాటలు, కడప ఆటోల్లో పెన్‌డ్రైవ్‌లో తిరిగే పాటలు, సెల్ షాపులో మెమరీ కార్డుకు ఎక్కించుకున్న పాటలు ఏ చార్టుకూ అందవు. వెయ్యి మంది చిందేసినా లెక్కలో సున్నా. జనరంజని రోజుల్లో కార్డు ముక్క రాస్తే కనీసం ఊరి పేరైనా రేడియోలో వినబడేది. అందుకే పల్లె డప్పు మీద వచ్చిన పాటలు చార్టులో తక్కువగా, హెడ్‌ఫోన్లో వినే మెలోడీలు ఎక్కువగా కనిపిస్తాయి. ఇది పాటల లోపం కాదు, కొలత లోపం. ఊర్లో ఏది ఆడుతోందో తెలియాలంటే పెళ్లిళ్లకు వెళ్లే డీజే పిల్లోళ్లను అడగండి. వాళ్ల పెన్‌డ్రైవ్‌లో మొదటి ఇరవై పాటలే మన సీమ చార్టు.

చివరగా దాచుకోవడం గురించి. 2024 జనవరిలో మన దేశంలో రెస్సో అనే పాటల యాప్ మూతపడింది, అదే ఏడాది వింక్ యాప్ కూడా ఆగిపోయింది. వాటి జాబితాలను ఎవరూ దాచుకోకపోతే ఆ వారాల జాడ పోయినట్టే. స్పాటిఫై చార్టు పేజీలో డౌన్‌లోడ్ గుర్తు ఉంటుంది, నొక్కితే ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక, సీఎస్‌వీ ఫైలు వస్తుంది. దాన్ని నేరుగా తెరవకుండా ఎక్సెల్‌లో డేటా మెనూ నుంచి తెచ్చుకుని, ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోండి. లేకపోతే తెలుగులో ఉన్న పేర్లు పిచ్చి గీతలుగా మారతాయి. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆపైన వారం ముగిసిన గురువారం తేదీ పెడితే అన్నీ వాటంతటవే వరుసలో ఉంటాయి.