తుప్పు తిన్న రేడియేటర్ పట్టీ: అతుకా, పాత ప్యానెలా, విప్పి బాగు చేసుకోవడమా?

చిట్యాల దాటినంక బండి ముందు నుంచి తటతటమని చప్పుడు మొదలైంది. వెనుక బత్తాయి లోడు, తెల్లారేసరికి బాటసింగారం మార్కెట్‌లో ఉండాలె. పక్కకు ఆపి, బానెట్ ఎత్తి టార్చి కొట్టి చూస్తే ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవరు పైఅంచు రెక్కలకు తగులుతున్నది. మా పికప్‌లో ఫ్యాన్ ఇంజిన్‌కు ఉంటది, కవరు రేడియేటర్‌కు ఉంటది. రేడియేటర్ కిందికి జారితేనే పైఅంచు అట్ల రాసుకుంటది. అంటే దాన్ని మోసే పట్టీ కూలుతున్నదన్నట్టే. ఆ రాత్రి బైండింగ్ వైరుతో రేడియేటర్‌ను పైకి లాగి కట్టి, నెమ్మదిగా మార్కెట్ చేరిన.

తిరిగొచ్చి నల్లగొండ షెడ్డులో బంపరు విప్పినంక అసలు సంగతి బయటపడ్డది. ఏడాది కింద వేయించిన అతుకు పక్కన చిరిగినా, కింది పట్టీ మీద మిగతా రంగు బాగానే ఉన్నది. మేస్త్రీ స్క్రూడ్రైవర్ మొన ఆనించి నొక్కితే పిడి దాకా దిగింది. చారెడు ఎర్రమట్టి, పొరలు పొరలుగా తుప్పు, రెండు వేపాకులు రాలినయి. "ఇన్ని రోజులు రంగే మోసిందన్నా దీన్ని" అన్నడు.

ఈ పట్టీ లోపల బోలుగా ఉంటది. నీళ్లు కారిపోవడానికి అడుగున చిన్న రంధ్రాలుంటయి. మట్టితో అవి పూడితే వానాకాలమంతా లోపల తడి ఆరదు. దానికితోడు మన దగ్గర రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసే అలవాటు. ఉప్పు నీళ్లు లోపల తెల్లగా పొర కట్టి, లీకైన ప్రతి చుక్కా తిన్నగా ఆ పట్టీ మీదే పడుతది.

ఏం చేయాలో తలా ఒక మాట చెప్పిండ్రు. పక్క షెడ్డు టింకర్ ఉన్నచోటనే అతుకు వేస్తనన్నడు. మా బావ వనస్థలిపురం ఆటోనగర్ పోయి పాత ప్యానెల్, అంటే ఈ పట్టీ, హెడ్‌లైట్లు, బానెట్ లాక్ అన్నీ కూర్చునే ముందు చట్రం మొత్తం, తెచ్చుకొమ్మన్నడు. మా మేస్త్రీ విప్పి, కుళ్లినంత కోసి, కొత్త రేకు వేసి మళ్లీ బిగిద్దామన్నడు. కొత్త ప్యానెల్ మాటకొస్తే, పాత మోడల్‌కు దొరికితే అంతకంటే మంచిది లేదు. నాకు దొరకలేదు కాబట్టి దాన్ని పక్కన పెడుతున్న.

అతుకు నేను అంతకుముందు ఏడాదే వేయించిన. పొద్దున ఇస్తే మధ్యాహ్నానికి బండి చేతికొచ్చింది, ఖర్చు ఒక పూట కూలి. కానీ రేడియేటర్ అడ్డం ఉండంగ వెనుకవైపు చెయ్యి పోదు. టింకర్ ముందు మొహం మీద రేకు పెట్టి వెల్డింగ్ చేసి, పుట్టీ రాసి రంగు కొట్టిండు. లోపలి తుప్పు లోపలే ఉండిపోయింది. పైగా పల్చటి రేకుకు మామూలు ఆర్క్ వెల్డింగ్ (రాడ్డుతో చేసేది) వాడిండు. ఆ వేడికి అతుకు పక్కనే రేకు ఇంకా పల్చబడి, ఒక్క వానాకాలానికి అక్కడే చిరిగింది. అట్లని అతుకు ఎప్పుడూ పనికిరాదనను. మధ్యలో రూపాయి బిళ్లంత రంధ్రం పడి, చుట్టూ రేకు సుత్తితో కొడితే గట్టిగా మోగుతుంటే సీఓటూ వెల్డింగ్‌తో (గ్యాస్ అడ్డంతో సన్న తీగతో చేసేది) అతుకు చాలు. చూడాల్సింది రంధ్రం సైజు ఒక్కటే కాదు, చోటు కూడా. పట్టీ ఛాసిస్ మీద రబ్బరు బుష్‌లతో కూర్చునే రెండు చోట్లున్నయి కదా, తుప్పు అక్కడికి చేరితే అతుకు మాట మరిచిపోండి.

పాత ప్యానెల్ కోసం ఆటోనగర్ పోయొచ్చిన. రెండు చూసిన. ఒకటి గ్యాస్‌తో కోసి తీసింది, బోల్టులు పట్టే చెవులు పొట్టిగా ఉన్నయి. రెండోది చూపుకు నిగనిగలాడుతున్నది. టేపుతో మూల నుంచి మూలకు కొలిస్తే ఒక కొలత ఇంకోదానికంటే వేలెడు ఎక్కువొచ్చింది. ముందు నుంచి గుద్దుకున్న బండిదన్నట్టు. అది బిగిస్తే బానెట్ లాక్ పడదు, లైటు ఒకటి ఆకాశం చూస్తది. కొనేటట్టయితే రెండు మూలకొలతలు సమానంగా ఉన్నయా, హెడ్‌లైట్ రంధ్రాలు మీ మోడల్‌వేనా చూడండి. బోల్టులు విప్పి తీసినదే అడగండి. బుష్ సీట్లలోకి వేలు పెట్టి చూడండి, అది కూడా ఒక పాత బండిదే కదా!

నేను విప్పి బాగు చేయించుడికే మొగ్గిన. రెండు రోజులు బండి షెడ్డులో ఉన్నది, ఆ కిరాయి పోయింది. అయినా ఇదే మేలంటున్న. ఎందుకంటే కొలతలు మన బండివే, లోపలిదాకా చెయ్యి పోతది. మా పికప్‌కు పట్టీ బోల్టులతో ఉన్నది కాబట్టి కుదిరింది. స్పాట్ వెల్డింగ్‌తో ఉన్న బండ్లకు ఈ పని ఇంత తేలిక కాదు.

ముందురోజు సాయంత్రమే బోల్టులకు తుప్పు వదిలే స్ప్రే కొట్టి పెట్టినం. పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ నీళ్లు దించినం. బ్యాటరీ మైనస్ వైరు తీసేయాలె, లేకుంటే వెల్డింగ్ కరెంటుకు ఆల్టర్నేటర్ డయోడ్లు పోవచ్చు. ఏసీ ఉన్నోళ్లు గ్యాస్ పైపులు విప్పకుండ కండెన్సర్‌ను పక్కకు జరిపి కట్టుకోవాలె. ప్రతి బోల్టు చుట్టూ మార్కర్‌తో గీత గీసినం, ఏ బోల్టు కింద ఎన్ని వాషర్లున్నయో ఫోన్‌లో ఫొటో తీసుకున్న. ఎడమ బుష్ బోల్టు మాత్రం సతాయించింది. లోపల నట్టును కదలకుండ పట్టుకునే పంజరం విరిగి, పానా తిప్పితే నట్టు కూడా తిరుగుతున్నది. చివరికి గ్రైండర్‌తో తల కోసినం.

కుళ్లిన కింది భాగం కోసి 16 గేజ్ రేకు, అంటే 1.6 మిల్లీమీటర్లది, వంచి సీఓటూ వెల్డింగ్ చేసిండు. ఒక్కసారే లాగలేదు. రెండు అంగుళాలు వేయడం, ఇంకో చివరకు పోవడం, చల్లారనివ్వడం. లాగించి వేస్తే రేకు వంకర పోతది. జీఐ రేకు వాడేటట్టయితే అతుకు చోట జింకు పూత గ్రైండ్ చేసినంకే వెల్డింగ్ చేయాలె. ఆ తెల్లపొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం వస్తది. లోపలా బయటా జింక్ ప్రైమర్ కొట్టినం, రంధ్రాలు మళ్లీ తెరిచినం.

బిగించేటప్పుడు కొత్త రబ్బరు బుష్‌లే వేసినం. పాతవి అణిగిపోయి ఉంటే ఎంత మంచి వెల్డింగ్ చేసినా రేడియేటర్ కిందికే కూర్చుంటది. అన్ని బోల్టులు సగం బిగించి, బానెట్ మూసి రెండు పక్కల సందు సమానంగా వచ్చినంకే పూర్తిగా బిగించినం. ఫ్యాన్‌ను చేత్తో తిప్పి నాలుగు దిక్కులా కవరుకు ఎడం చూసినం. బోరు నీళ్లు బంద్ చేసి, కూలెంట్ సగం, బ్యాటరీ నీళ్లు (డిస్టిల్డ్ వాటర్, యాసిడ్ కాదు) సగం పోసినం.

ఇక బుష్ సీట్లు రెండూ, పైన బానెట్ లాక్ పట్టీ కూడా పోయిన బండికి నా దారి పనికిరాదు. అతికించడానికి గట్టి రేకే మిగలదు, కొలత సరిపోయిన పాత ప్యానెల్ వెతుక్కోవాల్సిందే. ఏ దారిన పోయినా చివర హెడ్‌లైట్ ఫోకస్ సెట్ చేయించండి. 8 ఏళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ ఉంటది, అక్కడ లైట్లు చూస్తరు.