చిన్న బట్టల కొట్టుకి స్వైప్ మిషన్ అవసరమా? కావలి నుంచి నా రివ్యూ

సూటిగా చెప్తా, మిషన్ మంచిదే, దాని రెంటుతోనే తంటా. 5కి 3 స్టార్లు ఇస్తున్నా. తగ్గించిన ఆ రెండూ మిషన్‌కి కాదు, అంటగట్టిన బ్యాంకుకి, పేరు ఎందుకులే.

మాది కావలి ట్రంక్ రోడ్డు పక్క సందులో చీరలు, డ్రెస్ మెటీరియల్ అమ్మే కొట్టు. ఫోన్‌పే స్కానర్ ఉండాది, సౌండ్ బాక్సు పొద్దస్తమానం అరుస్తానే ఉంటది, ఇంకా కార్డు మిషన్ ఏందబ్బా అని చానామంది అడుగుతారు. జాకెట్ ముక్కకి అక్కర్లేదు, నిజమే. పెళ్లి బట్టలకి వచ్చేవాళ్ల సంగతి వేరు. అల్లూరు సైడు రొయ్యల చెరువుల వాళ్లకి రొయ్యలు పట్టి అమ్మేదాకా చేతిలో డబ్బు ఆడదు, అదే క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే నెలా నెలన్నర టైం దొరుకుతుంది. బిట్రగుంట రైల్వే వాళ్లు, రామాయపట్నం పోర్టు పనులకి వచ్చిన బయట రాష్ట్రాల వాళ్లు అయితే గుమ్మంలోనే కార్డు తీసుకుంటారా అని అడిగి, లేదంటే చెప్పులు కూడా విప్పకుండా పక్క షాపుకి పోతారు. అందుకని పెట్టించాం.

పేరుకి గీకే మిషనే గానీ ఇప్పుడు గీకేదేం లేదు. చిప్ ఉన్న కార్డుని గీకితే చిప్ పెట్టమని మిషనే చెప్తాది. కింద గాడిలో చిప్ పైకి కనపడేట్టు దూర్చి, పిన్ కొట్టి, తీయమని చెప్పేదాకా అట్నే ఉంచాలి. మాకు ఎక్కువసార్లు ఫెయిలయ్యేది ఇక్కడే. ఏటీఎంలో పెట్టి లాగేసే అలవాటు కదా, పిన్ కొట్టంగానే సర్రున లాగేస్తారు, మళ్లీ మొదటినుంచి. "పెద్దమ్మా, అట్నే ఉండనీ, తీయబాక" అని మా ఆవిడ రోజూ ఎంతమందికి చెప్తాదో. ఇంకొందరు నలుగురిలో పిన్ గట్టిగా చెప్పేసి నువ్వే కొట్టు నాయనా అంటారు, మేం మాత్రం మిషన్ వాళ్ల చేతికే ఇచ్చి మొహం అటు తిప్పుకుంటాం. రేపు వాళ్ల అకౌంట్లో యాడ డబ్బులు పోయినా ముందు గుర్తొచ్చేది మనమే.

చిప్ ఎందుకంటే, వెనకాల నల్లగీతలో ఉండే డేటా ఎప్పుడూ ఒకటే, దొంగ మిషన్లో ఒక్కసారి గీకితే కాపీ కొట్టేయొచ్చు. చిప్ అయితే ప్రతి బిల్లుకి కొత్త కోడ్ తయారు చేస్తాది, ఆ కోడ్ ఎవడు పట్టుకున్నా ఇంకో బిల్లుకి పనికిరాదు. అందుకే రిజర్వ్ బ్యాంకు 2018 డిసెంబర్ 31 గడువు పెట్టి గీత కార్డులన్నీ మార్పించింది. షాపు వాళ్లకి కూడా ఇదే మంచిది, చిప్ పెట్టి పిన్ కొట్టిన బిల్లుని తర్వాత నేను కొనలేదు అనడం కష్టం.

మిషన్‌కి తాకిస్తే చాలు అనే ట్యాప్ కార్డుల (వైఫై లాంటి గుర్తు ఉంటది) విషయంలో గొడవ ఇంకోటి. 2021 జనవరి నుంచి 5000 దాకా పిన్ లేకుండా పోతాది, రద్దీ రోజున భలే సుఖం. కానీ 2020 అక్టోబర్ నుంచి కొత్తగా ఇచ్చే కార్డుల్లో ట్యాప్ ఆపేసే ఇస్తన్నారు, కస్టమరే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోవాల. అది తెలీక మీ మిషన్ పాడైపోయిందని మన మీద ఎగురుతారు. ఏం లేదు, చిప్ పెట్టించండి, పని అయిపోతాది.

ఇక అసలు కథ, డబ్బులు. బ్యాంకు నుంచి వచ్చిన కుర్రాడు ప్రతి కార్డు బిల్లులో వాళ్లు పట్టుకునే పర్సెంటేజీ గురించి గంట చెప్పాడు గానీ రెంటు ఊసెత్తలా, అది ఫారం వెనకాల చిన్న అక్షరాల్లో ఉండాది. మా రెంటు నెలకి 450, దానిమీద జీఎస్టీ 18 శాతం, మొత్తం 531. నెలకి ఇంత బిజినెస్ కార్డుల మీద జరిగితే రెంటు మాఫీ అన్నారు, ముహూర్తాలున్న నెలల్లో ఆ మొత్తం దాటిపోతాం, మూఢం వచ్చిందంటే మిషన్ దుమ్ము కొట్టుకుపోతా ఉంటది, 531 మాత్రం ఒకటో తేదీకే కట్. దీనిమీద ఫోన్ చేస్తే ఒకరు బ్రాంచిని అడగమంటారు, బ్రాంచి వాళ్లు కస్టమర్ కేర్‌ని అడగమంటారు. మీరు తీసుకునేటప్పుడు రెంటు ఎంత, మాఫీ లెక్క నెలకా సంవత్సరానికా, మిషన్ తిరిగిచ్చేస్తే ఏమన్నా కట్టాలా, ఈ మూడూ మెయిల్లో రాయించుకోండి, నోటిమాట నమ్మబాకండి.

పర్సెంటేజీ నిజానికి అంత భయపడేదేం కాదు. రూపే డెబిట్ కార్డుకి 2020 జనవరి నుంచి ఎండీఆర్ (ఈ పర్సెంటేజీకే ఆ పేరు) సున్నా. మిగతా డెబిట్ కార్డులకి, ఏడాది టర్నోవర్ 20 లక్షల లోపు ఉంటే 0.40 శాతం మించకూడదు, దాటితే 0.90. అంటే 5000 చీరకి 20 రూపాయలు, లేదా 45. క్రెడిట్ కార్డుకి ఇట్టాంటి లిమిట్ లేదు, మాకు వేసింది 1.8 శాతం, అదే చీరకి 90, జీఎస్టీతో 106 పైచిలుకు. బేరం ఆడితే తగ్గిస్తారు, చీరలమ్మేవాళ్లకి బేరం నేర్పాలా. కొంతమంది షాపుల వాళ్లు కార్డయితే 2 శాతం ఎక్స్‌ట్రా అంటారు, డెబిట్ కార్డుకి అట్టా కస్టమర్ మీద వేయకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది, మేం క్రెడిట్‌కి కూడా వేయం, డిస్కౌంట్‌లో సర్దుకుంటాం. అన్నట్టు రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి లింక్ చేసుకున్నవాళ్లు మామూలు స్కానర్‌తోనే కట్టొచ్చు, చిన్న షాపులకి 2000 లోపు దానికి ఎండీఆర్ లేదు. మీ బిల్లులన్నీ ఆ లోపువే అయితే అసలు మిషనే వద్దు.

సిగ్నల్ సంగతి చెప్పాల. మిషన్లో సిమ్ ఉంటది, మా సందులో సాయంత్రం పూట గిర్రున తిరగతానే ఉంటది. ఒక్కోసారి కస్టమర్‌కి డబ్బులు కట్ అయినట్టు మెసేజ్ వస్తాది, మన మిషన్లో స్లిప్ రాదు. అప్పుడు మెసేజ్ చూసి సరుకు ఇవ్వబాకండి, స్లిప్పే లెక్క. కస్టమర్‌కి నెమ్మదిగా చెప్పండి, ఆ డబ్బు 5 రోజుల్లో దానంతటదే వెనక్కి పోవాలి, లేటయితే రోజుకి 100 లెక్కన వాళ్ల అకౌంట్లో వేయాలని 2019లోనే రూల్ వచ్చింది. ఈ మాట చెప్తే సగం మంది చల్లబడతారు. మిగతా సగం మంది ఎట్టాగూ అరుస్తారు.

రాత్రి కొట్టు కట్టేసేముందు ఆ రోజు బిల్లులన్నీ బ్యాంకుకి పంపే సెటిల్మెంట్ బటన్ నొక్కే మోడల్ అయితే మర్చిపోకండి, లేకపోతే మర్నాడు డబ్బులు పడవు. మాది దానంతటదే అవుతాది. స్లిప్పుల మీద అక్షరాలు ఎండకీ వేడికీ ఎగిరిపోతాయి, పెద్ద బిల్లులవి ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. స్లిప్పుల పేపర్ రోల్స్ మాత్రం బ్యాంకు వాళ్లు పంపిస్తారని కూర్చోబాకండి, స్టేషనరీ షాపులో ఒక డజన్ తెచ్చి గల్లాపెట్టె కింద పడేసుకోండి.