జూనో-106 వాయిస్ చిప్‌లు: పూత వలిచి వాడుకోవాలా, కొత్తవి వేయాలా?

పాత జూనో-106 అమ్మేవాళ్లు బాడీ మీద గీతలు, కీల సంగతి తర్వాత చెబుతారు. ముందు చెప్పేది "ఆరు వాయిస్‌లూ పలుకుతున్నాయి" అనే. 1984లో జపాన్ కంపెనీ రోలాండ్ తెచ్చిన ఈ సింథ్‌లో (సింథసైజర్, అంటే ఎలక్ట్రానిక్ కీబోర్డు వాద్యం) ఒకేసారి ఆరు స్వరాలు పలుకుతాయి. ఒక్కో స్వరాన్ని పలికించే సర్క్యూటే వాయిస్. ఒక్కో వాయిస్‌కి ఒక్కో 80017ఏ చిప్ ఉంటుంది. ఆ చిప్‌లకి ఇప్పుడు నలభై ఏళ్లు. ఒకటి పోయిందంటే మిగతావి కూడా ఇవాళో రేపో అన్నట్టే ఉంటాయి. అప్పుడు మన ముందు మూడు దారులు. పాత చిప్‌ను అసిటోన్‌లో నానబెట్టి పైపూత వలిచి మళ్లీ వాడుకోవడం, ఈ కాలంలో తయారవుతున్న క్లోన్ చిప్ వేయడం, లేదా ఇంకో పాడైన మెషీన్‌లోంచి పీకిన ఒరిజినల్ కొనడం.

నా మాట ముందే చెప్పేస్తాను. స్టేజి మీదికో రికార్డింగ్‌కో తీసుకెళ్లే మెషీన్ అయితే క్లోన్ వేయండి. ఇంట్లో వాయించుకునే మెషీన్ అయి, మీకు ఓపిక, తీరిక ఉంటే పూత వలవండి. పీకిన పాత చిప్ మాత్రం కొనకండి. ఎందుకో తెలియాలంటే అసలు ఈ చిప్ ఎందుకు పోతుందో తెలియాలి.

80017ఏ బయటికి ఒకే ఐసీలా కనిపిస్తుంది. నిజానికి అది ఒక చిన్న బోర్డు. ఫిల్టర్ (సౌండ్ పదును పెంచి తగ్గించే భాగం) నడిపే ఐఆర్3109, సౌండ్ లెవెల్ చూసే బీఏ662 రకం ఐసీలు, వాటి చుట్టూ బుల్లి రెసిస్టర్లు, కెపాసిటర్లు అందులో ఉంటాయి. అన్నింటినీ కలిపి నల్లటి రెజిన్‌లో ముంచి తీశారు. 1982 నాటి జూనో-60లో ఇవే ఐసీలు విడివిడిగా బోర్డు మీదే ఉంటాయి. అందుకే దానికి ఈ జబ్బు లేదు. 106లో ఏళ్లు గడిచేకొద్దీ ఆ నల్ల పూతలోంచి కరెంట్ లీకవడం మొదలవుతుంది. లోపలి ఐసీలు నడిచేదే మైక్రోయాంపుల లెక్కలో ఉండే కంట్రోల్ కరెంట్‌తో కాబట్టి రవ్వంత లీకేజీ చాలు, అంతా తారుమారవుతుంది. కీ మీద నుంచి వేలు తీసినా స్వరం ఆగదు. ఫిల్టర్ దానంతటదే తెరుచుకుంటుంది. ఒక్కోసారి చిటపటలు, చివరికి మౌనం. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, చాలాసార్లు లోపలి ఐసీ బాగానే ఉంటుంది, చెడింది పూత మాత్రమే. అసిటోన్ వైద్యం పనిచేసేది ఈ కారణంతోనే.

చిప్ కొనే ముందు, సోల్డరింగ్ ఐరన్ వేడి చేసే ముందు, తప్పు నిజంగా చిప్‌దేనా అని తేల్చుకోవాలి. ఈ మెట్టు దాటేసి చిప్‌లు తెప్పించుకున్నవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. 106లో దీనికి మంచి ఏర్పాటు ఉంది. కీ ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే టెస్ట్ మోడ్‌లోకి వెళ్తుంది. అప్పుడు కీలు ఒక్కొక్కటే నొక్కుతుంటే ఏ స్వరాన్ని ఏ వాయిస్ పలుకుతోందో డిస్‌ప్లేలో అంకె పడుతుంది. తేడాగా పలికిన అంకె రాసిపెట్టుకోండి.

తర్వాత సా (రంపపు పళ్ల ఆకారపు వేవ్), పల్స్, సబ్ అనే వేవ్‌లన్నీ ఆపేసి రెజొనెన్స్ స్లైడర్‌ను పై దాకా తోయండి. ఫిల్టర్ ఆరోగ్యంగా ఉంటే ఆ వాయిస్ ఈల వేసినట్టు పలుకుతుంది. ఈల వస్తోంది కానీ సా వేవో పల్సో రావడం లేదంటే తప్పు 80017ఏది కాకపోవచ్చు, దాని ముందున్న ఎంసీ5534ఏ వేవ్ చిప్‌ది కావచ్చు. ఆ చిప్‌లు మూడే ఉంటాయి, ఒక్కోటి రెండు వాయిస్‌లను చూసుకుంటుంది. జంటగా రెండు వాయిస్‌లు ఒకేసారి పోతే ముందు దాన్నే అనుమానించాలి. ఆరూ ఒకేలా చెడితే పవర్ సప్లై వోల్టేజీలు మల్టీమీటర్‌తో చూడండి. కోరస్ (సౌండ్‌ను చిక్కగా, వెడల్పుగా వినిపించే ఎఫెక్ట్) ఆన్ చేసినప్పుడే సౌండ్ పగులుతుంటే ఎంఎన్3009 చిప్‌ల వైపు వెళ్లాలి. కోరస్ వేస్తే వచ్చే సన్నటి హిస్ మాత్రం లోపం కాదు. ఆ సర్క్యూట్ స్వభావమే అంత.

ఇక అసలు పోలిక. చిప్‌ను బోర్డు నుంచి ఊడదీయడం మూడు దారుల్లోనూ తప్పదు, అన్నిటికంటే ప్రమాదకరమైన ఘట్టం కూడా అదే. నలభై ఏళ్ల పీసీబీ (సర్క్యూట్ బోర్డు) మీద ట్రాక్‌లు సుకుమారంగా ఉంటాయి. పాత సోల్డర్ మొండికేస్తుంది. కాస్త కొత్త సోల్డర్ కలిపి, ఫ్లక్స్ రాసి, సోల్డర్ పీల్చే పంపుతో లాగి, కాలు స్వేచ్ఛగా కదులుతోందని చూశాకే చిప్‌ను పైకి తీయాలి. బలం వాడితే ప్యాడ్ (చిప్ కాలు అతికే రాగి బిళ్ల) లేచిపోతుంది. అక్కడి నుంచి చిప్ రిపేర్ కాస్తా బోర్డు రిపేర్ అవుతుంది. అందుకే నేను గట్టిగా చెప్పేది: ఏ దారిలో వెళ్లినా ఖాళీ అయిన చోట సాకెట్ స్ట్రిప్ (చిప్ కాళ్లు గుచ్చే రంధ్రాల పట్టీ) సోల్డర్ చేయండి. ఆ బోర్డును వేడి చేయడం అదే చివరిసారి కావాలి. సాకెట్ ఉంటే చిప్‌లను అటూ ఇటూ మార్చి చూడొచ్చు. తప్పు చిప్‌తో పాటు కదిలితే చిప్‌దే, అక్కడే ఉండిపోతే బోర్డుది.

పూత వలిచే పద్ధతిలో ఖర్చు దాదాపు లేదు. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు అసిటోన్ చాలు. గోళ్లరంగు తుడిచే ద్రావకాల్లో నూనెలు, సువాసనలు కలిపి ఉంటాయి, వాటి జోలికి వెళ్లకండి. ఇనుప మూత ఉన్న గాజు సీసాలో చిప్‌లు మునిగేలా పోసి, గాలి ఆడే చోట, పొయ్యికి దూరంగా పెట్టాలి. ఒక రోజు నుంచి రెండు మూడు రోజుల దాకా పడుతుంది. పూత అంచులు మెల్లగా లేస్తాయి, రెజిన్ మెత్తబడి పొరలుగా ఊడివస్తుంది. ఇక్కడ తొందర పనికిరాదు. లోపల ఉప్పుకల్లంత కెపాసిటర్లు ఉంటాయి. పూత గట్టిగా పట్టుకున్న చోట లాగితే అవి కూడా దానితో పాటే వచ్చేస్తాయి. టూత్‌పిక్‌తో తాకి చూసి, రానంటే మళ్లీ సీసాలో వేయాలి. అంతా పోయాక ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కడిగి పూర్తిగా ఆరనిచ్చి, రెసిస్టర్ల కాళ్ల మధ్య నల్ల నలకలు మిగిలాయేమో లెన్స్‌లో చూడాలి. మిగిలిన నలక కూడా లీకేజీయే. ఒక్క హెచ్చరిక: అసిటోన్ చుక్క పడితే స్లైడర్ టోపీలు, కీలు కరిగిపోతాయి. ఈ పని సింథ్‌కు దూరంగా వేరే బల్ల మీద చేయండి.

ఇలా వలిచిన చిప్‌లో ఉండేవి 1984 నాటి ఐసీలే. ఒరిజినల్ సౌండ్ పోకూడదు అనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి మార్గం లేదు. ఐసీ బతికే ఉంటే ఫలితం చక్కగా వస్తుంది. కానీ లోపలి ఐసీయే చచ్చిపోతే ఎంత నానబెట్టినా ప్రయోజనం ఉండదు, ఆ సంగతి అంతా అయ్యాక గానీ తెలియదు. ఇంకొకటి, వలిచిన బోర్డు నగ్నంగా ఉంటుంది. విశాఖలోనో కాకినాడలోనో సముద్రపు గాలి తగిలే ఇంట్లో ఉంటే మెషీన్ మీద కవరు వేసి ఉంచడం, దగ్గర్లో సిలికా జెల్ పెట్టడం అలవాటు చేసుకోవాలి. మళ్లీ ఏదో ఒక పూత పూయమని కొందరు చెబుతారు. వచ్చిన చిక్కే పూత వల్ల కదా, నేనైతే పూయను.

క్లోన్‌లో ఈ సందేహాలు ఉండవు. అనలాగ్ రినైసాన్స్ వంటివాళ్లు 80017ఏ స్థానంలో నేరుగా కూర్చునే బోర్డులు చేస్తున్నారు. ఐఆర్3109, బీఏ662లకు సరిసమానమైన ఐసీలను లాత్వియాలోని ఆల్ఫా కంపెనీ మళ్లీ తయారుచేస్తోంది, అంటే ఈ భాగాలు ఇక దొరకవన్న బెంగ కూడా తగ్గింది. కొత్త భాగాలు, రెజిన్ ముద్ద లేదు, పెట్టగానే పలుకుతుంది. లోటు ఒక్కటే, ధర. ఆరింటికి ఆరు కొని, షిప్పింగ్, కస్టమ్స్ సుంకం కలుపుకుంటే మన దేశంలో అది చిన్న ఖర్చు కాదు. సౌండ్ సంగతి అంటారా, సరిగ్గా ట్యూన్ చేశాక కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి) పట్టి వాయిస్తే ఏది కొత్తదో ఏది పాతదో నా చెవికి తెలియదు. రెజొనెన్స్ పూర్తిగా పెంచి ఒక్కో వాయిస్‌నే విడిగా వింటే కొంచెం తేడా అనిపించవచ్చు. పాటలో ఆ తేడా ఎవరికీ వినబడదు.

మూడో దారి, పీకిన ఒరిజినల్స్. ఇవి పాడైన 106ల నుంచో, స్పీకర్లున్న దాని తోబుట్టువు హెచ్‌ఎస్-60 నుంచో, ఎంకేఎస్-7 నుంచో వస్తాయి. "టెస్ట్ చేసినది" అని అమ్ముతారు. టెస్ట్ చేసిన రోజున పలికి ఉండొచ్చు, కాదనను. కానీ దాని మీదా అదే పూత, దానిదీ అదే వయసు. వచ్చే వానాకాలానికి మళ్లీ ఐరన్ పట్టుకోవాల్సి వస్తుంది. డబ్బు పెట్టి అదే జబ్బును ఇంకోసారి ఇంటికి తెచ్చుకోవడం ఎందుకు? కొని తీరాల్సిందే అంటే, వలవడానికి ముడిసరుకుగా కొనండి. ఆ లెక్కన ధర బేరం ఆడండి.

ఒక్కటే పోయినప్పుడు ఒక్కటే మార్చాలా, ఆరూ మార్చాలా? స్టేజి మీద వాయించేవారైతే ఆరూ మార్చేయడమే మేలు. పెళ్లి రిసెప్షన్ మధ్యలో వెనక సాగే ప్యాడ్ సౌండ్‌లో ఒక స్వరం ఆగకుండా మోగుతూ ఉంటే ఆ టెన్షన్ ఎవరూ పడలేరు. ఇంట్లో ఉండేదానికి పోయినదాని స్థానంలో క్లోన్ వేసి, మిగతా అయిదింటినీ ఒకే విడతలో ఊడదీసి వలిచి, సాకెట్లలో కూర్చోబెట్టడం నాకు నచ్చిన పద్ధతి. రెండు రకాలూ కలిస్తే సౌండ్ ఎగుడుదిగుడుగా ఉంటుందని కొందరి భయం. అది క్యాలిబ్రేషన్ చేయకుండా వదిలేస్తేనే జరుగుతుంది. ప్రతి వాయిస్‌కి బోర్డు మీద తిప్పి సరిచేసే చిన్న ట్రిమ్మర్లు ఉన్నాయి. ఫిల్టర్ ఫ్రీక్వెన్సీ, రెజొనెన్స్, విడ్త్, వీసీఏ (సౌండ్ లెవెల్ చూసే భాగం) లెవెల్ వాటితోనే సరిచేస్తారు. పద్ధతి రోలాండ్ సర్వీస్ నోట్స్‌లో (రిపేర్ పుస్తకం) వరసగా ఉంటుంది. ఓసిల్లోస్కోప్ ఉంటే సుఖం. లేకపోతే ఫిల్టర్ ఈల వేయించి, ఫోన్‌లో ట్యూనర్ పెట్టి ఆరింటినీ ఒక శ్రుతికి తెచ్చినా చాలావరకు పని జరుగుతుంది. మెషీన్ ఆన్‌లో ఉంచి కాసేపు వేడెక్కనిచ్చాకే ట్రిమ్మర్ తాకండి. చల్లగా ఉన్నప్పుడు కలిపిన శ్రుతి నిలవదు.

మన దగ్గర ఏది దొరుకుతుంది, ఏది దొరకదు అనేది కూడా నిర్ణయంలో భాగమే. సాకెట్ స్ట్రిప్‌లు, పంపు, సోల్డర్ పీల్చే విక్, పవర్ సప్లైకి కొత్త ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, మెమరీని నిలిపే సీఆర్2032 బ్యాటరీకి హోల్డర్ హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో దొరుకుతాయి. క్లోన్ చిప్‌లు మాత్రం బయటి నుంచే తెప్పించుకోవాలి. పనిని వేరేవాళ్లకి అప్పగిస్తుంటే, "సర్వీస్ నోట్స్ ఉన్నాయా, సాకెట్ వేస్తారా, చివర్లో ట్రిమ్మర్లు సరిచేస్తారా" అని మూడు ప్రశ్నలు అడగండి. మూడింటికీ అవునన్నవారికే ఇవ్వండి.

జపాన్ నుంచి వచ్చిన పీస్ అయితే వెనక లేబుల్ చదవకుండా ప్లగ్ పెట్టకండి. అది 100 వోల్టుల మెషీన్, మన ఇంటి సాకెట్‌లో వచ్చేది 230. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనేటప్పుడు 100 వోల్టులది కావాలని అడిగి తీసుకోండి. మూత తెరవడానికి ముందు ప్యాచ్‌లు (మెమరీలో దాచుకున్న సౌండ్ సెట్టింగులు) భద్రం చేసుకోవాలి. క్యాసెట్ కోసం పెట్టిన సేవ్ జాక్ నుంచి వచ్చే శబ్దాన్ని కంప్యూటర్‌లో రికార్డు చేస్తే 128 ప్యాచ్‌లూ అందులో ఉంటాయి. బ్యాటరీ మార్చినప్పుడు మెమరీ పోయినా అదే శబ్దాన్ని లోడ్ జాక్‌లోకి వినిపిస్తే తిరిగి వస్తాయి.

ఆరూ క్లోన్లే వేసినా, తీసిన పాత చిప్‌లను పారేయకండి. ఏ చిప్ ఏ వాయిస్‌దో స్కెచ్‌పెన్‌తో అంకె వేసిన కవర్లో పెట్టి, తీరిక దొరికినప్పుడు అసిటోన్‌లో వేసి వలిచి చూడండి. సాకెట్లు ఎలాగూ ఉన్నాయి కాబట్టి ఒక్కొక్కటీ పెట్టి పరీక్షించడం పెద్ద పని కాదు. పలికినవి స్పేర్‌గా మీ దగ్గరే ఉంటాయి. రేపు మెషీన్ అమ్మేటప్పుడు ఒరిజినల్ చిప్‌లు కూడా ఇవ్వగలిగితే కొనేవారు సంతోషంగా తీసుకుంటారు.